గ్రో బ్యాగుల్లో ఆలుగడ్డ: పూత రాలేదు, ఎప్పుడు తవ్వాలి?

విభాగం: పెరటి కూరగాయలు – దుంప పంటలు

మియాపూర్_మిద్దె
అందరికీ నమస్తే. మిద్దె మీద 15×15 అంగుళాల గ్రో బ్యాగులు ఆరు ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు గడ్డలు పెట్టాను. విత్తనం కుఫ్రి పుఖ్రాజ్ అనే రకం. నవంబరు 5న నాటితే 18కల్లా మొలకలు పైకొచ్చాయి. ఇవాళ జనవరి 9. మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి, ఆకు ముదురు పచ్చగా ఉంది, కింద రెండు మూడు ఆకులు మాత్రం పసుపు తిరిగాయి. మట్టి: ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ సమపాళ్లలో. నీళ్లు రోజూ ఒక మగ్గు.

పూత ఒక్కటి కూడా లేదు. ఎక్కడ చదివినా "పూత వచ్చాక తవ్వండి" అనే ఉంది. పూత కోసం ఆగాలా, మొక్క పూర్తిగా ఎండేదాకా ఆగాలా, ఇప్పుడే తవ్వొచ్చా?

జహీరాబాద్_ఎర్రనేల
అక్కా, పూత కోసం ఆగకున్రి. మా దిక్కు ఎకరాలకెకరాలు పుఖ్రాజ్ పెడతరు, పూత కనవడేది ఎక్కడో ఒకటి. పూత రాకున్నా గడ్డ ఊరుతది.

లెక్క నాటిన రోజు నుంచి గాదు, మొలక నేల మీదికొచ్చిన రోజు నుంచి వెయ్యున్రి. ముందే మొలకెత్తించిన విత్తనం పది పన్నెండు రోజులకు పైకొస్తది. నిద్రల ఉన్న గడ్డ పెడితే ఇరవై ఐదు రోజులైనా రాదు. ఇద్దరు ఒక్క రోజే నాటినా పంటల రెండు వారాల తేడా అక్కడనే వస్తది. మొలక నుంచి 50, 55 రోజులకు పుఖ్రాజ్ కూరకు పనికొచ్చే గడ్డ ఇస్తది. 70 దాటితే నిండుతది. నిల్వ పెట్టుకునుడు వేరే లెక్క. మీది ఇయ్యాలకు 52 రోజులు. ఒక్క బ్యాగుల చెయ్యి పెట్టి చూడున్రి, మిగతా ఐదు ముట్టకున్రి.

దుంప_లెక్కలు
జహీరాబాద్ అన్న చెప్పింది సరైనదే. కారణం కూడా చెబుతాను, ఎందుకంటే ఈ పూత సందేహం ప్రతి జనవరిలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

ఆలు మొక్కలో పూతకూ దుంపకూ కావలసిన వాతావరణం ఒకటి కాదు. విరగబూయాలంటే పగలు పొడుగ్గా ఉండాలి. దుంప త్వరగా కట్టాలంటే పగలు పొట్టిగా, రాత్రులు చల్లగా ఉండాలి. మన నవంబరు–జనవరి రెండోదానికి అనుకూలం, మొదటిదానికి కాదు. అందుకే మైదానాల్లో చాలా రకాలు మొగ్గ కూడా వేయవు, వేసినా మొగ్గలోనే రాల్చేస్తాయి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ వాళ్లు కొత్త రకాల కోసం సంకరం చేసే పని హిమాచల్ కొండల్లోని కుఫ్రిలో పెట్టుకున్నది ఇందుకే. ఎండాకాలపు పొడుగు పగళ్లలో అక్కడ మొక్కలు బాగా పూస్తాయి.

ఇక మట్టి కింద జరిగేది. మట్టిలో ఉన్న కాండం నుంచి పక్కలకు తెల్లటి పిలకలు సాగుతాయి. వాటి కొనలు ఉబ్బితే అదే దుంప. మొలక పైకొచ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఈ ఉబ్బడం మొదలవుతుంది. అక్కడి నుంచి పని అంతా ఉన్న దుంపల్లో పిండి నింపడమే. రాత్రి వేడి 15–18 డిగ్రీల దగ్గర ఉంటే బాగా కడుతుంది. 20 దాటేకొద్దీ తగ్గుతుంది. మట్టి 30 డిగ్రీలకు చేరితే ఊరడం దాదాపు ఆగిపోతుంది. హైదరాబాద్‌లో మంచి కాలమంతా డిసెంబరు, జనవరిలోనే. ఫిబ్రవరి రెండో సగంలో మిద్దె మీద మిగిలేది ఎండ ఒక్కటే.

తొలి రకాలను (తొందరగా చేతికొచ్చే రకాలను) పరీక్షించే పొలాల్లో కూడా 60, 75 రోజులకు తవ్వి తూకం వేస్తారు, పూత చూసి కాదు. పంజాబ్‌లో జలంధర్ చుట్టుపక్కల సెప్టెంబరులో పెట్టి, గోధుమకు నేల ఖాళీ చేయడానికి నవంబరులోనే పచ్చి ఆలు తీసేస్తారు. ఆ పనికి వాళ్లు ఎక్కువగా వాడే రకాల్లో పుఖ్రాజ్ ఒకటి. కాబట్టి మీ రకం తొందరగా తీయడానికి తగినదే.

రెడింగ్_అలాట్‌మెంట్
"పూత వచ్చాక తవ్వండి" అన్న మాట మీకు ఎక్కువగా కనబడేది ఇంగ్లండ్, అమెరికా తోటల రాతల్లో. ఇక్కడ ఇంగ్లండ్‌లో తొలి రకాలు మార్చి చివర్లో నాటితే జూన్‌లో పగలు పదహారు గంటలకు పైగా ఉంటుంది, కాబట్టి పూస్తాయి. సరిగ్గా అదే సమయానికి, అంటే నాటిన 10–12 వారాలకు, కింద గడ్డ కోడిగుడ్డంత అవుతుంది. రెండూ ఒకేసారి పడటం వల్ల పూత గుర్తుగా నిలిచింది.

ఇక్కడ కూడా దాన్ని గుడ్డిగా నమ్మం. స్విఫ్ట్ లాంటి రకం చాలాసార్లు పూయదు. ఎండలు ముదిరిన ఏడాది మొగ్గలు రాలిపోతాయి. అప్పుడు వారాలు లెక్కపెట్టి పక్కన వేలు పెట్టి చూడటమే. తొలి ఆలులో ఇంకో పద్ధతి ఉంది: మడి మొత్తం ఒక్కరోజు తవ్వరు. ఆ పూట వంటకు కావలసిన మొక్కలే లేపుతారు, మిగతావి ఊరుతూ ఉంటాయి. మొదటి మొక్కకూ చివరి మొక్కకూ మూడు వారాల తేడా ఉంటుంది, గడ్డ సైజు కూడా ఆ మేరకు పెరుగుతుంది. మీ ఆరు బ్యాగులకు కూడా ఇలాగే వరస పెట్టుకోండి.

మియాపూర్_మిద్దె
అందరికీ థ్యాంక్స్. ఇంకో ప్రశ్న. చెయ్యి పెట్టి చూడటం అంటే ఎలా? మొక్కను కదిపితే మిగతా గడ్డలు ఊరడం ఆగిపోదా?

పలమనేరు_ఉర్లగడ్డ
కదపకుండా చూడాల. చెప్తా వినండి.

మట్టి పొడిగా ఉన్న పూట చూడండి, నీళ్లు పోసిన రోజు వద్దు. తడి మట్టి ముద్దగా లేస్తే పిలకలు తెగిపోతాయి. కాండం మొదట్లో వేలు పెట్టొద్దు. బ్యాగు అంచుకీ కాండానికీ మధ్యలో, కాండానికి ఒక బెత్తెడు దూరంలో మొదలుపెట్టండి. పార, గరిట ఏదీ వద్దు, వేళ్లే. పై మట్టిని రెండు మూడు అంగుళాలు మెల్లగా అంచు వైపుకు లాగండి. గట్టిగా, గుండ్రంగా వేలికి తగిలింది ఉర్లగడ్డ. చేత్తో నలిగిపోయేలా మెత్తగా తగిలితే అది మీరు నాటిన పాత విత్తనం, వదిలేయండి.

తగిలిన గడ్డ చుట్టూ మట్టి తీసి సైజు చూడండి. కోడిగుడ్డంత ఉంటే ఒకటో రెండో తీసుకోవచ్చు. లాగొద్దు. గడ్డను ఒక చేత్తో పట్టుకుని, దానికి అంటుకున్న పిలకను ఇంకో చేతి గోటితో తుంచండి. లాగితే ఆ పిలకతో పాటు పక్క గడ్డ కూడా ఊడొస్తుంది. గోళీకాయంత ఉన్నవి అట్లే కప్పెట్టేయండి. మట్టి మళ్లీ సర్ది, అరమగ్గు నీళ్లు పోస్తే సరి. జాగ్రత్తగా చేస్తే మొక్కకు ఏమీ కాదు. తీసిన గడ్డకు పోయే పిండి మిగతా గడ్డలకు పోతుంది.

పైన మట్టి తక్కువై గడ్డ నెత్తి బయటికి కనిపిస్తుంటే, చూడటం అయ్యాక ఇంకో రెండు అంగుళాల మట్టి ఎగదోయండి. ఎండ తగిలిన నెత్తి పచ్చబడుతుంది.

దుంప_లెక్కలు
దానికి తోడు, తీసిన గడ్డ మీద బొటనవేలి పరీక్ష చెయ్యండి. మట్టి తుడిచి, గడ్డ నడుము మీద బొటనవేలు ఆనించి కాస్త నొక్కుతూ పక్కకు తోయండి. మూడు రకాలుగా ఉండొచ్చు.

తొక్క అంతా పొరగా జారి ముడతపడితే లేతది. రుచి బాగుంటుంది, తొక్క తీయనక్కర్లేదు, కానీ మూడు నాలుగు రోజుల్లో వండేయాలి. కొసల దగ్గర మాత్రమే లేచి నడుము దగ్గర నిలిస్తే మధ్యస్థం, వారం పది రోజులు ఉంటుంది. ఎంత తోసినా లేవకపోతే తొక్క ముదిరింది, నిల్వకు పనికొస్తుంది.

తొక్క ఎందుకు జారుతుందంటే, దాని అడుగున కొత్త కణాలు పుట్టించే పలుచని పొర ఒకటి ఉంటుంది. గడ్డ పెరుగుతున్నంతకాలం ఆ పొర చురుగ్గా, లేతగా ఉంటుంది. తోస్తే అక్కడే తెగుతుంది. తీగ, అంటే మట్టి పైనున్న మొక్క, చచ్చిపోయాక ఆ పొర పని ఆపేసి గట్టిపడుతుంది, తొక్క అతుక్కుంటుంది. దానికి 10 నుంచి 15 రోజులు పడుతుంది. కాబట్టి "ఎప్పుడు తవ్వాలి" అన్నదానికి ముందు "ఎప్పుడు తింటారు" అన్నది తేల్చుకోవాలి. ఈ వారమే తినడానికైతే పచ్చి మొక్క కింద నుంచి తీసుకోవచ్చు. నెల దాచడానికైతే తీగ కోసి రెండు వారాలు ఆగాలి.

గుంటూరు_పెరడు
నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆకు పచ్చగా ఉండగా తీసిన బంగాళాదుంప నీళ్లదుంపే. ఫ్రై వేస్తే నల్లబడుతుంది, రెండు రోజులకే ముడతలు. జనవరిలో ఒక్కో వారం ఆగితే ఎంత బరువు వస్తుందో చూడండి. మొక్క పసుపు తిరిగి పడిపోయేదాకా ఆగమనే నా సలహా. తొందరపడి ఆరు బ్యాగులూ ఖాళీ చేస్తే పెద్దగా ఏమీ రాదు.

దుంప_లెక్కలు
బరువు మాట నిజం. మొలక నుంచి 50 నుంచి 70 రోజుల మధ్య గడ్డలోకి చేరే పిండి చాలా ఎక్కువ. అందుకే ఆరూ ఒకేసారి వద్దంటున్నాం. వేయించితే నల్లబడటం కూడా నిజమే, లేత గడ్డలో చక్కెర ఎక్కువ.

కానీ పూర్తిగా ఎండేదాకా ఆగడం నేలలో సరిపోయినంతగా బ్యాగులో సరిపోదు. నేలలో ఆరు అంగుళాల లోతున మట్టి చల్లగా ఉంటుంది. నల్ల బ్యాగుకు పడమటి ఎండ నేరుగా పక్కనుంచి తగులుతుంది, పైగా తీగ ఎండిపోయాక నీడ కూడా పోతుంది. ఫిబ్రవరి మూడో వారంలో బ్యాగు గోడ పక్కనున్న గడ్డలు ఉడికినట్టయి లోపల నల్లబడతాయి, లేదంటే తడి ఉంటే కుళ్లుతాయి. మొక్క పడిపోవడం కోసం చూస్తూ గడ్డను వేడిలో వదలకూడదు. నా లెక్కలో మిద్దె తోటకు గడువు ఫిబ్రవరి 10–15. ఆ తేదీకి తీగ పచ్చగా ఉన్నా కోసేయాలి.

గుంటూరు_పెరడు
బ్యాగు వేడి మాట ఒప్పుకుంటాను. నేను చెప్పింది నేలలో వేసిన మడి గురించి. అక్కడ మాత్రం నా మాట మీదే ఉంటాను.

డాలస్_పెరడు
వేడి గురించి టెక్సాస్ నుంచి ఒక మాట. ఇక్కడ ఫిబ్రవరి మధ్యలో రెడ్ లా సోడా, యూకాన్ గోల్డ్ నాటి, మే నెలలో తీసేయాలి. పగళ్లు పొడుగు కాబట్టి పూత వస్తుంది, కానీ జూన్ వేడి కూడా వెంటనే వచ్చేస్తుంది. తీగ మొత్తం ఎండాక తవ్వుదామని జూన్ నెలాఖరుదాకా ఆగిన చోట్ల గడ్డల మీద పిల్లగడ్డలు, మెడలు వంకర్లు తిరగడం, లోపల గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. వేడికి ఊరడం ఆగి, మధ్యలో ఒక వాన పడగానే మళ్లీ మొదలవడం వల్ల వచ్చే లోపాలు అవి. గడ్డలు పాడైనవి కావు, తినొచ్చు. తొక్క తీయడమే కష్టం.

ఇక్కడ మట్టిలో గుచ్చే థర్మామీటర్ చవగ్గా దొరుకుతుంది. నాలుగు అంగుళాల లోతున సాయంత్రం నాలుగింటికి 27 డిగ్రీలు దాటడం మొదలైతే ఇక తీసే పని చూసుకోవాలి.

మియాపూర్_మిద్దె
పలమనేరు గారు చెప్పినట్టే ఒక బ్యాగులో చూశాను. కోడిగుడ్డంతవి రెండు తీశాను. ఇంకో నాలుగైదు చిన్నవి తగిలాయి, కప్పెట్టేశాను. బొటనవేలితో తోస్తే తొక్క మొత్తం జారిపోయింది. కానీ రెండు గడ్డల మీదా తెల్లటి బుడిపెలు, బియ్యపు నూకల్లా లేచి ఉన్నాయి. రోగమా? కింది ఆకుల పసుపు కూడా దీనివల్లేనా?

జహీరాబాద్_ఎర్రనేల
రోగం గాదక్కా. నీళ్లెక్కువైనయ్. గడ్డ తొక్క మీద గాలి పీల్చుకునే సన్న రంధ్రాలుంటయ్. మట్టిల నీళ్లు నిండి గాలి అందకుంటే అవి ఉబ్బి తెల్లగ బయటికొస్తయ్. తినొచ్చు, భయం లేదు. కానీ ఆ ఉబ్బిన కాడి నుంచే కుళ్లు లోపలికి పోతది, నిల్వకు మంచిది గాదు. కోకోపీట్ తడి పట్టుకుంటది, రోజూ మగ్గు నీళ్లు దానికి ఎక్కువ. రెండు అంగుళాలు వేలు దింపి పొడి తగిలినంకనే పొయ్యున్రి. బ్యాగు అడుగున తూట్లు మూసుకుపోయినయేమో కూడ చూడున్రి.

దుంప_లెక్కలు
పసుపు గురించి విడిగా చెప్పాలి. పసుపు ఆకు చూసి "ముదిరింది" అనుకుని తవ్వేసేవాళ్లు చాలామంది. ఏ ఆకు, ఎలా, ఎన్నో రోజున అన్నది చూడాలి.

ముదరడం వల్ల వచ్చే పసుపు అట్టడుగు ఆకులతో మొదలై పైకి పాకుతుంది. ఆకు రెండు సగాలూ సమానంగా పాలిపోతాయి, మచ్చలుండవు. దాంతోపాటు కాండం బలం తగ్గి పక్కకు వాలుతుంది, కొత్త చిగురు రావడం ఆగిపోతుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తేనే ముదిరినట్టు. మీకు చిగురు ఇంకా వస్తోంది, కాండం నిటారుగా ఉంది. రెండు మూడు ఆకులు నీడకు, నీళ్లకు పండాయి, అంతే.

నత్రజని తక్కువైతే మొక్క మొత్తం లేత ఆకుపచ్చకు తిరుగుతుంది, 35–40 రోజుల్లోనే. ఎర్లీ బ్లైట్ అయితే ముసలి ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, మచ్చలో వలయం లోపల వలయం కనిపిస్తాయి. ఎర్రనల్లి అయితే ఆకు పైన సన్నటి పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి అల్లిక. లేట్ బ్లైట్ అయితే పొగమంచు రోజుల తర్వాత ఆకు అంచున నీరు పట్టిన నల్ల మచ్చ, ఉదయం ఆకు అడుగున మచ్చ చుట్టూ తెల్లటి బూజు.

అన్నిటికంటే ప్రమాదం: పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా వడలిపోవడం. సాయంత్రానికి కూడా తేరుకోకపోతే కాండం మొదట్లో కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి కోసిన కొసను అందులో ముంచండి. కొన్ని నిమిషాల్లో తెల్లటి దారంలా జిగురు కిందికి దిగితే అది బాక్టీరియా వడలు తెగులు. ఆ బ్యాగు గడ్డ నిల్వకూ విత్తనానికీ పనికిరాదు, ఆ మట్టి ఇంకో బ్యాగులో కలపొద్దు.

ఇంకొకటి. మీ ఆకు ముదురు పచ్చ, మోకాలెత్తు, మూడో వంతు వర్మీకంపోస్ట్ అంటున్నారు. నత్రజని ఎక్కువే అందుతోంది. ఆకు మీద ఉన్న శ్రద్ధ గడ్డ మీదకు మళ్లడానికి ఇలాంటి మొక్క వారం పది రోజులు ఆలస్యం చేస్తుంది. ఇక ఏ ఎరువూ, జీవామృతమూ పోయకండి.

రెడింగ్_అలాట్‌మెంట్
లేట్ బ్లైట్ పేరు వచ్చింది కాబట్టి: ఇక్కడ అదే ప్రధాన శత్రువు. వరసగా రెండు రోజులు కనీస వేడి 10 డిగ్రీలకు తగ్గకుండా, రోజుకు ఆరు గంటలైనా గాలిలో తేమ 90 శాతం ఉంటే హెచ్చరిక వస్తుంది. మచ్చ కనబడితే అదే రోజు తీగ నేల మట్టానికి కోసి బయట పారేయాలి. గడ్డను మాత్రం అప్పుడే తవ్వకూడదు. ఆకు మీది బూజు విత్తులు మట్టి పైపొరలో పడి ఉంటాయి, వెంటనే తవ్వితే తొక్క ఊడిన లేత గడ్డకు అవి అంటుకుంటాయి. రెండు వారాలు ఆగితే అవి చచ్చిపోతాయి, తొక్క కూడా గట్టిపడుతుంది. తొలి రకాలు పెట్టుకోవడంలో ఉన్న పెద్ద లాభం, ఈ తెగులు ముదిరే కాలానికి ముందే గడ్డ చేతికి రావడం.

పలమనేరు_ఉర్లగడ్డ
ఇప్పుడు నిల్వకు ఉంచే బ్యాగుల పని. రెండు బ్యాగులు అలా ఉంచుకోండి.

మొలక నుంచి 70 రోజులు అంటే మీకు జనవరి 27. ఆ రోజు నుంచి నీళ్లు బాగా తగ్గించి, ఫిబ్రవరి 1న ఆపేయండి. నేలలో అయితే తీగ కోసే ముందు 7–10 రోజులు నీళ్లు ఆపుతాం, బ్యాగులో ఐదారు రోజులు చాలు, తొందరగా ఆరుతుంది. తీగను కత్తెరతో మట్టికి రెండు అంగుళాల పైన కోయండి. పీకొద్దు. పీకితే గడ్డలు పైకి లేచి ఎండకు పడతాయి. కోసిన తర్వాత బ్యాగును నీడకు జరపండి, లేదా చుట్టూ గోనెసంచి కట్టండి. కొత్త చిగురు లేస్తే తుంచేయండి, వదిలితే గడ్డలోని పిండిని అదే లాగుతుంది. పది పన్నెండు రోజులకు ఒక గడ్డ తీసి బొటనవేలితో తోసి చూడండి. తొక్క నిలిస్తే అన్నీ తీయండి.

తీసేటప్పుడు బ్యాగును పక్కకు పడుకోబెట్టి, ప్లాస్టిక్ షీటు మీద మట్టి మెల్లగా దొర్లించండి. బోర్లించి గుద్దొద్దు. పొద్దున్నే పని చేయండి, గంటలో నీడకు చేర్చండి. కడగొద్దు. తెగినవి, పొడిచినవి పక్కన పెట్టి ఆ రోజే వండండి. మిగతావి చీకటి గదిలో, గాలి ఆడే చోట, ఒకే వరసగా పరిచి పైన గోనె కప్పి పది రోజులు ఉంచితే చిన్న చిన్న గీతలు వాటంతట అవే పూడుతాయి. ఫ్యాను కింద పెట్టొద్దు.

జహీరాబాద్_ఎర్రనేల
పలమనేరు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుత. రాత్రి పూట గడ్డలు ఆరుబయట వదలకున్రి, కోసిన తీగ వాటి మీద కప్పకున్రి. దుంప తొలిచే పురుగు రెక్కల పురుగై చీకట్ల తిరుగుతది, గడ్డ కండ్ల కాడ గుడ్లు పెడతది. ఎండిన తీగల దాగిన పురుగు గూడ గడ్డలకే దిగుతది. నాలుగు రోజులకు కండ్ల కాడ నల్లటి పిప్పి కనవడితే లోపల సొరంగం ఉన్నట్టే. బ్యాగుల మట్టి పగుళ్లు బారి గడ్డ కనవడినా గిదే గతి. అందుకే చివరి వారం నీళ్లు ఆపినంక పైన రెండు అంగుళాలు పొడిమట్టి పొయ్యాలె. నిల్వల వేపాకు పరుచుడు మా దిక్కు పాత పద్ధతి, మంచిదే.

వంటింటి_వేదిక
వండేవాళ్ల వైపు నుంచి. ఇప్పుడు తీసిన లేత గడ్డలో పిండి తక్కువ, నీరు ఎక్కువ. ఉడికినా ముక్క విడదు. కుర్మాకు, దమ్ ఆలూకి, తొక్కతోనే ఆవపెట్టిన కూరకు చాలా బాగుంటుంది. బోండా ముద్దకు, మసాలా దోసె కూరకు మెత్తగా రాదు, జిగురుగా ఉంటుంది. సన్నగా తరిగి కరకరలాడేలా వేయించడానికి అస్సలు కాదు, చక్కెర వల్ల రంగు ముందే ముదిరి చేదెక్కుతుంది. దానికి ఫిబ్రవరిలో తీసి పది రోజులు ఆరబెట్టినవి వాడండి. ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి చక్కెర ఇంకా పెరుగుతుంది, కాబట్టి వేపుడుకు దాచేవి బయటే ఉంచండి. ఉల్లిపాయల బుట్టలో కలపకండి.

లేత గడ్డను మరిగే ఉప్పునీళ్లలో వేయాలి, చన్నీళ్లలో మొదలుపెట్టక్కర్లేదు. కోడిగుడ్డంతవి 12–15 నిమిషాలు. తొక్కను గోనె ముక్కతో రుద్దితే చాలు.

మియాపూర్_మిద్దె
ఒక బ్యాగులో పైన ఉన్న గడ్డ ఒకటి సగం పచ్చగా ఉంది. పచ్చదనం కోసేసి వాడొచ్చా?

దుంప_లెక్కలు
పచ్చదనం పత్రహరితమే, దానితో హాని లేదు. కానీ వెలుగు తగిలినచోటే సోలనిన్ లాంటి చేదు విషపదార్థాలు కూడా పెరుగుతాయి. ఉడికించినా, వేయించినా అవి పోవు. తినే గడ్డలో ఇవి 100 గ్రాములకు 20 మిల్లీగ్రాములు మించకూడదని లెక్క. ఎక్కువ భాగం తొక్కలో, దాని కింది పొరలో ఉంటాయి. గోరంత పచ్చ అయితే మందంగా చెక్కేసి వాడొచ్చు. సగం పచ్చ అయితే పారేయండి. లేత చిన్న గడ్డలో ఇవి మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటాయి కాబట్టి చిన్నదాన్ని కాపాడుకోవడానికి ప్రయత్నించకండి. చేదు తగిలినా, గొంతు మండినా ఆ ముద్ద ఉమ్మేయాలి.

ఇదే చోట ఇంకో జాగ్రత్త. ఎక్కడైనా పూత వచ్చి టమాటా పిందెల్లాంటి పచ్చటి కాయలు కాస్తే, అవి తినేవి కావు. పిల్లలున్న ఇంట్లో కనబడగానే తుంచి పారేయండి.

గుంటూరు_పెరడు
గోళీలంత గడ్డలు వచ్చే ఏడాది విత్తనానికి దాచుకోవచ్చా అని అడగబోతారు, ముందే చెబుతున్నాను. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా మన ఎండల్లో ఇంట్లో నిలవవు. రెండు మూడు నెలలకే నిద్ర తీరి మొలకలేసి, ముడతపడిపోతాయి. రైతుల విత్తనం 2–4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. పైగా పేనుబంక మోసుకొచ్చే వైరస్ గడ్డలోనే ఉండి ఏటికేడు దిగుబడి తగ్గిస్తుంది. అక్టోబరు మొదట్లో కొత్త విత్తనం తెచ్చుకోవడమే మేలు. 35–50 గ్రాముల గడ్డ చూసుకోండి.

మియాపూర్_మిద్దె
సరేనండీ. ఈ వారం ఒక బ్యాగు, వచ్చే రెండు వారాల్లో మూడు, చివరి రెండు తీగ కోసి నిల్వకు. ఖాళీ అయిన బ్యాగుల్లో టమాటా నారు పెట్టేద్దామనుకుంటున్నాను. పెట్టొచ్చా?

జహీరాబాద్_ఎర్రనేల
వద్దక్కా. టమాట, వంకాయ, మిరప మూడూ ఆలుగడ్డ కుటుంబమే, మట్టిల మిగిలిన తెగులు వాటికే పడుతది. ఆ మట్టిల గోళీలంత గడ్డలు గూడ మిగుల్తయ్, ఏరెయ్యున్రి, లేకుంటే వాన పడంగనె మొలుస్తయ్. మట్టి షీటు మీద పరిచి వారం రోజులు ఎండల పెట్టి, బ్యాగుకు రెండు పిడికిళ్ల వేపపిండి కలిపి ఫిబ్రవరిల బెండ గాని గోరుచిక్కుడు గాని పెట్టున్రి. ఎండకు రెండూ ఆగుతయ్.